టాలీ ప్రైమ్‌లో జాబ్ కాస్టింగ్: సరుకు లెక్క పక్కా, ఓవర్‌హెడ్ మాత్రం మనమే ఎక్కించాలి

బాలానగర్, జీడిమెట్లల్లోని చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లకి టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ కొత్తేమీ కాదు. బిల్లులు, జీఎస్టీ అందులోనే నడుస్తాయి. జాబ్ కాస్టింగ్, అంటే ఒక్కో పనికి (జాబ్‌కి) అయిన ఖర్చు కూడా అందులోనే రాసుకోవచ్చు, వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. అయితే ఎఫ్11 నొక్కితే వచ్చే సెట్టింగుల్లో కనపడే జాబ్ ఆర్డర్ ప్రాసెసింగ్ దీనికి కాదు. అది జాబ్ వర్క్‌కి బయటికి పంపే, లోపలికి తెచ్చే సరుకు కోసం. మనకి కావాల్సింది కాస్ట్ సెంటర్లు, అంటే ఖర్చుని పేరువారీగా విడదీసి చూపే పద్దులు.

ఒక్కో వర్క్ ఆర్డర్‌కి ఒక్కో కాస్ట్ సెంటర్ తెరవండి. కూలీ, గ్యాస్, వెల్డింగ్ రాడ్ల లెడ్జర్లలో (ఖాతాల్లో) కాస్ట్ సెంటర్‌కి యెస్ పెట్టాలి. పెట్టకపోతే ఖర్చు రాసే ఎంట్రీ (వోచర్) జాబ్ పేరు అడగదు, ఆ ఖర్చు ఏ జాబ్‌కీ చేరదు. స్టోర్ నుంచి ఇచ్చిన ప్లేటుని స్టాక్ జర్నల్‌తో (సరుకు కదలిక రాసే వోచర్) కన్సంప్షన్‌గా, అంటే జాబ్‌కి వాడినట్టుగా రాస్తే, కొనుగోలు వోచర్‌లో మళ్ళీ అదే జాబ్ పేరు పెట్టకండి. పెడితే సరుకు ఖర్చు రెండుసార్లు పడుతుంది.

ఒక ట్యాంకు జాబ్ తీసుకుందాం. 6 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేట్ చదరపు మీటరుకు 47.1 కిలోలు. 10 చదరపు మీటర్లకి 471 కిలోలు, కిలో 60 రూపాయల చొప్పున 28,260. మిగిలిన ముక్కలు 40 కిలోలు, తుక్కు ధర 30 చొప్పున 1,200 తీసేయాలి. కూలీ 64 గంటలు, గంటకి 100 చొప్పున 6,400. ఇక్కడికి 33,460. చాలామంది కొటేషన్ ఇక్కడే ఆపేస్తారు, నష్టం అక్కడే మొదలవుతుంది.

ఏ ఒక్క జాబ్‌కీ నేరుగా చెందని ఖర్చు ఓవర్‌హెడ్. షెడ్డు అద్దె, కరెంటు, సూపర్‌వైజర్ జీతం, మెషీన్ల తరుగుదల కలిపి అది ఏడాదికి 7,20,000, పని గంటలు 4,800 అనుకుంటే గంటకి 150. ఈ జాబ్‌కి 9,600. అసలు ఖర్చు 43,060.

ఈ 9,600ని టాలీ తనంతట తాను వేయదు. జర్నల్‌లో ఓవర్‌హెడ్ లెడ్జర్‌ని డెబిట్ చేసి జాబ్ పేరు పెట్టాలి, 'అబ్సార్బ్డ్ ఓవర్‌హెడ్' (జాబులకి ఎక్కించిన ఓవర్‌హెడ్) అని వేరే లెడ్జర్ తెరిచి క్రెడిట్ చేయాలి. సరుకు తయారీ రాసే మాన్యుఫ్యాక్చరింగ్ జర్నల్‌లో అదనపు ఖర్చు శాతం పెడితే చాలదా అంటే, చాలదు. అది తయారైన సరుకు విలువని పెంచుతుందే తప్ప లెడ్జర్లలో పడదు.

నెలాఖరున నిజంగా అయిన ఓవర్‌హెడ్ ఖర్చుని అబ్సార్బ్డ్ లెడ్జర్‌తో పోల్చి చూడండి. ఆ నెల ఓవర్‌హెడ్ 60,000 అయి, పని 340 గంటలే జరిగితే జాబులకి ఎక్కింది 51,000. మిగతా 9,000 ఏ జాబ్ రిపోర్టులోనూ కనపడదు. జాబ్ కార్డు మీద గంటలు రోజూ రాయించే షెడ్డుకి ఈ ఏర్పాటు సరిపోతుంది. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు), లేజర్ కటింగ్ ఎక్కువున్నచోట కూలీ గంటలు వదిలేసి మెషీన్ గంటల మీద రేటు కట్టుకోండి.