డెబియన్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ: 2019 నుంచి వాడుతున్న అనుభవం

కావలి ట్రంకు రోడ్డు పక్కన మాది జిరాక్స్, టైపింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. ఇక్కడ డెస్క్‌టాప్, అంటే తెర మీద కనపడే మెనూలు, పట్టీలు, ఎంత అందంగా ఉందని ఎవరూ అడగరు. ఈఏపీసెట్ రోజుల్లో పిల్లలు వరసలో నిలబడి ఉంటారు. అప్పుడు నిన్న ఉన్న బటన్ ఇవాళ కూడా అక్కడే ఉండాలి, అంతే. డెబియన్ అంటే విండోస్ బదులు వాడే ఒక లినక్స్ సిస్టమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ దాని మీద నడిచే తేలికపాటి డెస్క్‌టాప్. 2019లో డెబియన్ 10 వచ్చినప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈతో మొదలుపెట్టా. తర్వాత 11, 12, ఇప్పుడు 13. మధ్యలో ఫార్మాట్ కొట్టాల్సిన పని పడలేదు. డెస్క్‌టాప్ నిలబడాలంటే దాని కింద ఉన్నవాటిని ఊరికే కదిలించకూడదు, ఇదే నేను గట్టిగా నమ్మేది.

అందులో సగం పని డెబియన్ వాళ్లే చేసిపెడతారు. డెబియన్ 12లో ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18 ఉందంటే, ఆ విడుదల నడిచినన్నాళ్లూ అదే. సెక్యూరిటీ లోపాలు, పెద్ద బగ్గులు మాత్రం సరిచేస్తుంటారు. ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ బ్రౌజర్ లాంటివి మాత్రం ఏడాదికోసారి పెద్దగా మారతాయి. మిగతా సగం మనది: బయటి రిపాజిటరీలు (సాఫ్ట్‌వేర్ దించుకునే చోట్లు) కలపకూడదు. ఉబుంటు అనే మరో లినక్స్ కోసం చేసిన పీపీఏలు (అలాంటి బయటి రిపాజిటరీలే) తెచ్చి డెబియన్‌లో పెడితే ఇవాళ పనిచేయొచ్చు, తర్వాతి అప్‌గ్రేడ్‌లో లైబ్రరీలు పొసగక మొత్తం ఇరుక్కుంటుంది. కొత్త వెర్షన్ తప్పదనుకుంటే బ్యాక్‌పోర్ట్స్ (పాత విడుదలకి సరిపోయేలా డెబియన్ వాళ్లే ఇచ్చే కొత్త వెర్షన్లు) చూస్తా, లేదంటే ఫ్లాట్‌ప్యాక్ (సిస్టమ్ లైబ్రరీలతో కలవకుండా విడిగా నడిచే ప్యాకేజీ).

ఇంత జాగ్రత్తపడినా ఇబ్బందులు వస్తాయి. షాపులో పనిచేసే కుర్రాడు ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు: "అన్నా, కింద పట్టీ కనపడట్లేదు, మెనూ కూడా లేదు!" ఇలాంటప్పుడు చాలామంది సిస్టమ్ మొత్తం మళ్లీ ఎక్కిస్తారు. అక్కర్లేదు. ముందు కొత్త యూజర్‌ను ఒకణ్ని సృష్టించి ఆ పేరుతో లాగిన్ అవ్వాలి. అక్కడ అన్నీ బాగుంటే సిస్టమ్‌కి ఏమీ కాలేదు, తేడా మన హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగుల్లో ఉంది. ఈ ఒక్క పరీక్ష నాకు ఎంత టైమ్ మిగిల్చిందో చెప్పలేను. ఆ రోజు కారణం సేవ్ అయిన సెషన్, అంటే లాగౌట్ అప్పుడు ఏవేవి నడుస్తున్నాయో దాచుకున్న జాబితా. ప్యానెల్ (ఆ కింది పట్టీ) ఆగిపోయి ఉన్నప్పుడు లాగౌట్ చేస్తే, అది లేని సెషనే గుర్తుండిపోయి మర్నాడు అలాగే తెరుచుకుంటుంది. హోమ్‌లో దాగి ఉండే కాష్ ఫోల్డర్ లోపలి సెషన్స్ ఖాళీ చేసి, లాగౌట్ దగ్గర సెషన్ సేవ్ చేసే టిక్కు తీసేస్తే సరిపోయింది. సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అనుకోవద్దు. అది మామూలుగా హోమ్ ఫోల్డర్‌ని వదిలేస్తుంది. అందుకే సెట్టింగుల ఫోల్డర్‌ని నేను ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో విడిగా కాపీ పెట్టుకుంటా.

ఇంకోటి, పాస్‌వర్డ్ కరెక్టుగానే కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే తిరిగి వస్తుంటే టెన్షన్ పడకుండా ముందు డిస్కు చూడండి. స్కాన్ ఫైళ్లతో నిండిపోతే లాగిన్‌కి కావాల్సిన చిన్న ఫైలు కూడా రాసుకోలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల తెరలోకి వెళ్లి కాస్త చోటు చేస్తే చాలు.

కరెంటు సంగతి మా ఊళ్లో చెప్పక్కర్లేదు, యూపీఎస్ లేకుండా ఏ డెస్క్‌టాప్‌నీ నిందించకూడదు.

లోట్లు ఉన్నాయి. పాత అను ఫాంట్ల పేజ్‌మేకర్ ఫైళ్లు తెస్తే విండోస్ మెషిన్ తెరవాల్సిందే, ఒకటి అందుకే ఉంచా. యూనికోడ్ తెలుగు మాత్రం ఐబస్ అనే టైపింగ్ టూల్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో హాయిగా సాగుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20లో తెర మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతి వేలాండ్ ఇంకా ప్రయోగదశలోనే ఉంది, నేను పాత పద్ధతి ఎక్స్11 దగ్గరే ఉన్నా. డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు కాబట్టి వెనక గదిలోని పాత మెషిన్ 12 మీదే నడుస్తోంది. కొత్త విడుదల వచ్చిన వారంలోనే మారను. మొదటి పాయింట్ రిలీజ్ (తప్పులు సరిచేసి ఇచ్చే చిన్న విడుదల) వచ్చాక, అప్లికేషన్ల రద్దీ లేని రోజు చూసుకుని, రిలీజ్ నోట్స్ చదివి మొదట ఒక్క మెషిన్‌లో చేస్తా. ప్రింటర్, స్కానర్ అందులో సరిగా పలికాకే మిగతావి.