గేటు ఎదురు షాపులో మాస్కులు: జిరాక్స్‌కైతే ఓకే

అనంతపురంలో మా కాలేజీ గేటు ఎదురుగా ఒక జిరాక్స్ షాపు ఉంది, కరోనా టైమంతా మాస్కులు అక్కడే కొన్నాం. నోటీసు బోర్డులో సర్క్యులర్ మారితే మర్నాటికల్లా షాపులో సరుకు మారిపోయేది, ఆ స్పీడు మాత్రం మెచ్చుకోవాల్సిందే. మొదట గుడ్డ మాస్కు చాలన్నారు. 2021లో సెకండ్ వేవ్ తర్వాత సర్జికల్ పైన గుడ్డది కూడా ఉంటేనే లోపలికన్నారు. ఆపైన ల్యాబ్‌లో ఎన్95 ఉండాలి, క్లాసులో ఏదైనా సరే, క్యాంటీన్‌లోనేమో అడిగే నాథుడే లేడు (కరోనాకు టిఫిన్ టైమ్ సెలవు కాబోలు).

గుడ్డవి కుట్టు బాగుంది గానీ నాలుగు ఉతుకులకే ఎలాస్టిక్ సాగిపోయి, మాట్లాడితే చాలు ముక్కు కిందికి జారేవి. సర్జికల్ పర్వాలేదు. నా కోపమంతా ఎన్95 అని అంటగట్టినదాని మీదే. దానికి ముందు ప్లాస్టిక్ వాల్వ్ ఉంది. మనం వదిలే గాలి వడపోత లేకుండా అందులోంచి బయటికి పోతుంది, అందుకే కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జులైలోనే వాల్వ్ ఉన్నవి వాడొద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. పైగా "ఉతికి వాడుకో తమ్ముడూ, ఏం కాదు" అని షాపాయన సలహా! ఎన్95 లోపలి పొరకు ఉండే స్టాటిక్ ఛార్జే సన్నటి తుంపరలను పట్టేది, సబ్బునీళ్లలో ముంచితే అది పోతుంది. ల్యాబ్ దగ్గర మేడమ్ వాల్వ్ చూసి వెనక్కి పంపేశారు, షాపుకెళ్తే "కవర్ చించావు కదా, వాపసు లేదు" అన్నాడు. రికార్డులు, స్పైరల్ బైండింగ్‌కు హాయిగా వెళ్లండి, మాస్కులు మాత్రం మెడికల్ షాపులో బిల్లుతో కొనుక్కోండి.