పాత ప్లాస్టిక్ డైనోసార్ కిట్లు: ఏళ్ల తరబడి బిల్డ్ చేశాక నా రివ్యూ

పాత డైనోసార్ కిట్, అంటే విడి ప్లాస్టిక్ ముక్కలు అతికించి బొమ్మ చేసుకునే బాక్స్, కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: సీల్ తీయని బాక్స్ దొరికితే తీసుకోవాలా అని. బిల్డ్ చేసే ఉద్దేశం ఉంటే వద్దే వద్దు అంటాను. అరోరా, పైరో, లిండ్‌బర్గ్, ఎయిర్‌ఫిక్స్, టామియా, ఇలా ఏ కంపెనీవి చేతికి దొరికితే అవన్నీ అతికించి, కొన్ని విప్పి మళ్లీ అతికించి చెప్తున్న మాట ఇది. సీల్ ఉన్న బాక్స్‌కి మీరు ఇచ్చే డబ్బు నిజానికి అట్టపెట్టె మీద బొమ్మకి. లోపల ముక్కలన్నీ ఉన్నాయో లేదో, ఏదైనా వంకర తిరిగిందో తెరిచేదాకా తెలీదు, తెరిచిన క్షణమే మీరు పెట్టిన అదనపు డబ్బు ఆవిరైపోతుంది. పైగా ష్రింక్ రాప్ వేయడం పెద్ద విద్యేం కాదు, ఎవరైనా ఇంట్లోనే వేసుకోవచ్చు, కాబట్టి అది ఫ్యాక్టరీ సీలే అని అమ్మేవాడు చెప్పినంత మాత్రాన నమ్మక్కర్లేదు. ఇంకో సంగతి, ఆ రాప్ దశాబ్దాల పాటు బిగుసుకుంటూ పోయి అట్టపెట్టె అంచుల్నే లోపలికి నొక్కేస్తుంది. అంటే దాచుకున్నందుకు బాక్స్ కూడా పాడవుతుంది!

నేను ఎక్కువగా తీసుకునేది రెండు రకాలు. తెరిచి ఉండి ముక్కలన్నీ ఫొటోలో పరిచి చూపించినవి, లేదా ఎప్పుడో ఎవరో పిల్లాడు గ్లూ కారిపోయేలా అతికించి వదిలేసినవి. రెండోవాటి గురించి కింద చెప్తాను, అసలు మజా వాటిలోనే ఉంది.

ముందు అరోరా గురించి. 1971లో ఈ కంపెనీ మొదలుపెట్టిన ప్రీహిస్టారిక్ సీన్స్ సిరీస్ ఈ హాబీలో చాలామందికి మొదటి ప్రేమ, నాక్కూడా. గ్లూ అవసరం లేకుండా బిగించుకునే స్నాప్ కిట్లు, రంగు ప్లాస్టిక్‌లోనే పోసి వచ్చేవి, చాలావాటికి కాళ్లు, దవడలు కదులుతాయి. అల్లోసారస్, ట్రైసెరాటాప్స్, ఆంకిలోసారస్, టెరనోడాన్, కోరపళ్ల పులి, మామత్, గుహ ఎలుగుబంటి, వీటితో పాటు క్రోమాన్యాన్ మనుషులు, నియాండర్తల్, ఒక గుహ, ఒక తారు గుంట, ఒక అడవి చిత్తడి కూడా విడిగా అమ్మారు. 1974లో వచ్చిన టైరనోసారస్ సిరీస్‌కే పెద్దన్న. బేస్‌లు పక్కపక్కన పెడితే ఒకదాని అంచుకి ఇంకొకటి కలిసి ఒకే పెద్ద నేలలా తయారవుతుంది. ఒక్క కిట్ కొంటే ఆగలేకపోవడానికి కారణం ఇదే. వ్యాపారపరంగా కంపెనీవాళ్లది మంచి బుర్ర.

సైన్స్ అడక్కండి. ఆ నేల మీద డైమెట్రోడాన్ పక్కన డైనోసార్, దాని పక్కన రాతి ఈటె పట్టుకున్న మనిషి నిలబడతారు. డైమెట్రోడాన్ డైనోసార్ల కంటే కోట్ల ఏళ్ల ముందే అంతరించిపోయింది, మనుషులేమో డైనోసార్లు పోయిన 6 కోట్ల ఏళ్లకు పైగా గడిచాక వచ్చారు. కానీ డిస్‌ప్లేలో పెడితే కళ్లు తిప్పుకోలేం, అది వేరే విషయం.

అరోరాలో నాకు నచ్చనిది ఆ స్నాప్ జాయింట్లే. పిల్లలు ఆడుకోవడానికి బాగానే ఉంటాయి, షెల్ఫ్ మీద పెట్టుకునే పెద్దవాళ్లకి మాత్రం తలనొప్పి. భుజం దగ్గర, తొడ దగ్గర పెద్ద గుండ్రటి గ్యాప్ కనిపిస్తుంది, కాలు విడి ముక్క అని దూరం నుంచే తెలిసిపోతుంది. కాళ్లు కదలాల్సిన అవసరం మీకు లేకపోతే నా సలహా ఏంటంటే, పిన్‌లు కొంచెం కోసి వదులు చేసుకుని, పొడిగా ఒకసారి కూర్చోబెట్టి చూసి, పోజు నచ్చాక సిమెంట్‌తో (ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే గ్లూ) పర్మనెంట్‌గా అతికించి గ్యాప్ మూసేయండి. పిన్ కోయకుండా బిగిస్తే మళ్లీ బయటికి రాదు, లాగితే ముక్క చీలుతుంది. ఒరిజినల్ ఆర్టికల్ కదా, కోయడం పాపం అనుకునేవాళ్లు రీఇష్యూ తీసుకోండి. అరోరా మూతపడ్డాక మోల్డులు, అంటే ముక్కలు పోసే అచ్చులు, మోనోగ్రామ్ అనే ఇంకో కిట్ల కంపెనీ చేతికి వెళ్లాయి, తర్వాత మోనోగ్రామ్, రెవెల్ పేర్లతో కొన్ని డైనోసార్లు మళ్లీ మార్కెట్‌లోకి వచ్చాయి. అవే మోల్డులు కాబట్టి అదే కిట్, బాక్స్ బొమ్మ మాత్రం వేరు, ధర తక్కువ. నా లెక్కలో బిల్డ్ చేసేవాళ్లకి ఇంతకంటే మంచి బేరం లేదు.

పైరోవి ఇంకా పాతవి, 1960ల చివరి సరుకు, సైజు చిన్నది, ముక్కలు తక్కువ. ఒక సాయంత్రం కూర్చుంటే అతికించడం అయిపోతుంది. అవే మోల్డులు తర్వాత లైఫ్-లైక్, ఆ తర్వాత లిండ్‌బర్గ్ బాక్సుల్లో ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి, కాబట్టి పైరో పేరు ఉన్న బాక్స్ కోసం ఎగబడాల్సిన పని లేదు. ఒక తేడా మాత్రం చూడాలి: మోల్డ్ అరిగేకొద్దీ అంచుల్లో పల్చటి ప్లాస్టిక్ పొర, అదే ఫ్లాష్, పెరుగుతుంది, రెండు సగాలు ఒకదానికొకటి కాస్త పక్కకి జరిగి కూర్చుంటాయి. అలా అరిగిన మోల్డుతో తర్వాత పోసిన కిట్లలో స్టెగోసారస్ వీపు పలకల చుట్టూ ఉన్న ఫ్లాష్ గీకడానికే టైమ్ అంతా పోతుంది.

వీటన్నిటి పోజు గురించి ఒక మాట. తోక నేలకి ఈడుస్తూ నిటారుగా నిలబడ్డ టైరనోసారస్‌ని చూసి ఈ కాలం పిల్లలు నవ్వుతారు. కానీ అప్పటికి మ్యూజియంలలో కూడా అంతే. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1915లో నిలబెట్టిన అస్థిపంజరం 1990ల దాకా నిటారుగానే ఉంది, యేల్ పీబాడీ మ్యూజియం గోడ మీద రుడాల్ఫ్ జాలింగర్ 1947లో పూర్తి చేసిన బొమ్మలోనూ అదే వరస. శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్ అనే డైనోసార్‌ని 1969లో వర్ణించాక గానీ చురుగ్గా పరిగెత్తే డైనోసార్ అనే ఆలోచన మళ్లీ ఊపందుకోలేదు, కిట్ల కంపెనీలకి ఆ కబురు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. బ్రాంటోసారస్‌కి (అప్పట్లో అపాటోసారస్‌కి ఇంకో పేరు) తప్పు తల ఉండే సంగతి కూడా అంతే, పిట్స్‌బర్గ్ కార్నెగీ మ్యూజియమే తన అపాటోసారస్‌కి సరైన తల పెట్టింది 1979లో.

బిల్డ్ చేసేవాళ్లకి ఈ పాత పోజు నిజానికి వరం. రెండు కాళ్లు, తోక, మూడు చోట్ల ఆనుతుంది కాబట్టి బొమ్మ దానంతట అదే నిలబడుతుంది, బేస్‌కి పిన్ కొట్టక్కర్లేదు. కొంతమంది తోక కోసి పైకి లేపి సైంటిఫిక్‌గా సరిచేస్తుంటారు. అలా చేస్తే బరువు ముందుకి పడి బొమ్మ బోర్లా పడుతుంది, కాళ్లలో ఇనుప తీగ దూర్చి బేస్‌కి బిగించాల్సి వస్తుంది. అంత కష్టపడే బదులు కొత్త కిట్ కొనుక్కోవడం మేలు, నన్నడిగితే పాతదాన్ని పాతదానిలాగే ఉంచాలి.

టామియాని వింటేజ్ అనొచ్చా అని కొందరు వాదిస్తారు గానీ, మొదటివి 1980ల నాటివి, నా దృష్టిలో చాలు. 1/35 స్కేల్ (అసలు సైజులో 35వ వంతు), అంటే వాళ్ల ట్యాంకులు, సైనికుల బొమ్మల స్కేలే. ఒక్కో డైనోసార్ పక్కన ఆ సైనికుణ్ణి నిలబెడితే అసలు సైజు ఒక్క చూపులో అర్థమవుతుంది, ఇది వేరే ఏ సిరీస్‌లోనూ ఇంత తేలిగ్గా కుదరదు. 1990ల్లో వచ్చిన టైరనోసారస్, వెలోసిరాప్టర్ల సెట్, బ్రాకియోసారస్ ఇంకా మెరుగు. ముక్కలు అతికేటప్పుడు వంక పెట్టడానికి లేదు. బ్రాకియోసారస్ ఆ స్కేల్‌లో కూడా అర మీటర్ దాటుతుంది, కొనే ముందు షెల్ఫ్ కొలుచుకోండి. మరి ఎందుకు అరోరాకే ఎక్కువ మార్కులు వేస్తానంటే, టామియా కిట్ బిల్డ్ చేస్తే అందరిదీ ఒకేలా వస్తుంది, అరోరాతో కుస్తీ పడితే అది మీది అవుతుంది. ఇది నా పిచ్చి అనుకోండి.

ఇక అసలు పని. విమానం మోడల్‌కి, డైనోసార్ మోడల్‌కి తేడా సీమ్ దగ్గర, అంటే రెండు సగాలు కలిసే గీత దగ్గర, తెలుస్తుంది. విమానానికి రెండు సగాలు అతికాక పుట్టీ పెట్టి ఎమరీ పేపర్‌తో రుద్దేస్తే నున్నగా అయిపోతుంది, అంతే. డైనోసార్‌కి రుద్దితే చర్మం పోతుంది. వీపు మధ్యలో పొలుసుల మధ్య నున్నటి దారి ఒకటి పడుతుంది, రంగు వేశాక అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే పుట్టీ వీలైనంత తక్కువ వాడాలి. నేను చేసేది ఇది: పల్చటి లిక్విడ్ సిమెంట్ రెండు అంచులకీ ధారాళంగా పట్టించి, కాసేపు ఆగి, మెత్తబడ్డాక గట్టిగా నొక్కుతాను. కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా సీమ్ వెంట బయటికి వస్తుంది. దాన్ని ముట్టుకోకుండా కొన్ని రోజులు వదిలేసి, పూర్తిగా గట్టిపడ్డాక బ్లేడుతో గీకితే సీమ్‌లో ఉన్నది కూడా అదే ప్లాస్టిక్ కాబట్టి గీత కనిపించదు, దాని మీద పొలుసులు చెక్కుకోవచ్చు. తొందరపడి మర్నాడే గీకితే లోపల ఇంకా మెత్తగా ఉండి తర్వాత గుంట పడుతుంది. పెద్ద గ్యాప్‌లకి రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీ వాడండి, ఆరేలోపు పాత టూత్‌బ్రష్‌తో పొడవడమో, అదే బొమ్మ మీద వేరేచోట నుంచి ఇంకొంచెం పుట్టీతో అచ్చు తీసుకుని ఇక్కడ ఒత్తడమో చేస్తే చర్మం కలిసిపోతుంది. సూపర్ గ్లూతో నింపేవాళ్లు ఉన్నారు, అది ఆరిన కొద్ది గంటల్లోనే రుద్దేయాలి, తర్వాత చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడి పక్కనంతా అరిగిపోతుంది, ఇది మాత్రం ఎత్తుగా మిగిలిపోతుంది.

సిమెంట్ వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీ తెరిచి చేసుకోండి.

ఎవరో అతికించి వదిలేసిన బొమ్మ దొరికితే ముందు ఫ్రీజర్. ఒక రాత్రి ఉంచి తీసి జాయింట్ మీద నెమ్మదిగా ఒత్తితే పాత ట్యూబ్ గ్లూ పెళుసెక్కి చాలాచోట్ల టక్‌మని ఊడుతుంది. నిజంగా కరిగి కలిసిపోయిన చోట ఊడదు, అక్కడ సన్నటి రేజర్ రంపంతో సీమ్ వెంటే కోయాలి, బలవంతం చేయకూడదు. రంగు తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి బ్రష్‌తో తోముతాను, అక్రిలిక్ అయితే పోతుంది, పాత ఎనామెల్ మొండికేస్తుంది. అసిటోన్, థిన్నర్ లాంటివి దగ్గరికి కూడా రానివ్వకండి, ప్లాస్టిక్కే కరిగిపోతుంది. ముక్కలు కొన్ని పోయి ఉంటాయి, ఎక్కువగా గోళ్లు, పళ్లు, కొమ్ముల చివర్లు. ఎపాక్సీ పుట్టీతో చేసుకోవచ్చు, ఇంకో పాడైన కిట్ దొరికితే దాన్నుంచి తీసుకోవచ్చు. ఎక్కడా మిషన్ గన్‌లు, కాక్‌పిట్‌లు లేవు కాబట్టి కొలత కొంచెం అటూ ఇటూ అయినా పట్టుకునేవాడు ఉండడు. ఇంకో లాభం, విమానం కిట్లలాగా వీటికి డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్లు) గొడవ లేదు. యాభై ఏళ్ల నాటి విమానం కిట్‌లో డెకాల్స్ పచ్చబడి, నీళ్లలో వేయగానే ముక్కలైపోతాయని ఎంత టెన్షన్ పడతారో ఆ హాబీవాళ్లని అడగండి.

రంగుల దగ్గర మీ ఇష్టం, నిజంగానే. ఒరిజినల్ ప్లాస్టిక్ రంగు ముదురుగా ఉంటే గ్రే ప్రైమర్ తప్పనిసరి, అంతకు ముందు సబ్బు నీళ్లతో కడగాలి, లేకపోతే మోల్డ్ నుంచి వచ్చిన జిడ్డు మీద రంగు నిలవదు. ఎయిర్‌బ్రష్ లేకపోయినా నష్టం లేదు, ముదురు రంగు పల్చగా కలిపి పొలుసుల సందుల్లోకి పారించి, ఆరాక లేత రంగుతో డ్రై బ్రష్ చేస్తే, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దితే, పాత మోల్డులోని లోతైన చెక్కుడు అంతా పైకి లేస్తుంది. ఈ విషయంలో అరోరాకి సాటి లేదు.

దాచడం గురించి రెండు ముక్కలు. బాక్స్‌లో చీకట్లో ఉన్న పాలీస్టైరీన్‌కి, అంటే ఈ కిట్ల ప్లాస్టిక్‌కి, దశాబ్దాలైనా ఏమీ కాదు, ఎండ తగిలేచోట పెడితే పచ్చబడి పెళుసెక్కుతుంది. బాక్సులు ఒకదాని మీద ఒకటి పేర్చితే కింది బాక్స్ నలుగుతుంది, లోపల ముక్కలు వంగుతాయి. వంగిన ముక్కని వేడి నీళ్లలో ముంచి చేత్తో సరిచేసి వెంటనే చల్లటి నీళ్లలో పెడితే చాలావరకు దారికొస్తుంది, నీళ్లు మరిగేవి మాత్రం వద్దు. 1990ల నాటి మెత్తటి వినైల్ డైనోసార్లు కూడా మీ దగ్గర ఉంటే వాటిని పాలీస్టైరీన్ బొమ్మలకి తగిలేలా పెట్టకండి, వినైల్‌లోంచి ఊరే ప్లాస్టిసైజర్ (దాన్ని మెత్తగా ఉంచే రసాయనం) తగిలిన చోట ప్లాస్టిక్ మెత్తబడి గుంట పడుతుంది.