విడి పలకలుగా వచ్చే బీరువా కొనేవారికి హెచ్చరిక: సరైన బిగింపు సూచనలు దొరికేదాకా స్క్రూ తిప్పకండి

గత దసరా అమ్మకాలలో నేను ఆన్‌లైన్‌లో 11,499 రూపాయలు పెట్టి మూడు తలుపుల బీరువా ఒకటి కొన్నాను. ఇంజినీర్డ్ వుడ్‌తో చేసినదని, విడి పలకలుగా రెండు అట్టపెట్టెల్లో వస్తుందని, కంపెనీ మనిషి వచ్చి ఉచితంగా బిగించి వెళతాడని ప్రకటనలో ఉంది. పెట్టెలు దిగిన మరునాడు ఫోన్ చేస్తే, ఖమ్మంలో మా పిన్‌కోడ్‌కు ఆ సౌకర్యం లేదని, లోపల ఉన్న కాగితం చూసి మేమే బిగించుకోవచ్చని చెప్పారు. ఆ కాగితాన్ని నమ్మి మేము ఎలా నష్టపోయామో, అసలు సూచనలు చివరికి ఎక్కడ దొరికాయో, ఇలాంటి సామాను కొనబోయేవారి కోసం వివరంగా రాస్తున్నాను.

పెట్టెలో దొరికింది రెండు వైపులా జిరాక్స్ తీసిన ఒకే ఒక్క కాగితం. అందులో అగ్గిపెట్టెంత బొమ్మలు ఆరు ఉన్నాయి. పలకలకు ఎ నుంచి ఎమ్ వరకు పేర్లు పెట్టారు గానీ, పెట్టెలో ఉన్న పదమూడు పలకలలో ఒక్కదానికీ ఆ అక్షరం రాసిన స్టిక్కర్ లేదు. స్క్రూలన్నీ కలిపి ఒకే సంచిలో పోశారు. ఏ దశలో ఏ స్క్రూ, ఎన్ని వాడాలో ఎక్కడా రాయలేదు. మూడో బొమ్మలో అడుగు పలక విడిగా ఉంటుంది. నాలుగో బొమ్మకు వచ్చేసరికి పక్క పలకలు, మధ్య పలక, పై పలక అన్నీ బిగిసిపోయి ఉంటాయి. అసలు పనంతా ఆ రెండు బొమ్మల మధ్యనే ఉంది, దానిని మాత్రం చూపించలేదు.

మేము మోసపోయింది సరిగ్గా అక్కడే. కుడి పక్క పలక, ఎడమ పక్క పలక చూడడానికి ఒకేలా ఉంటాయి గానీ, వాటి రంధ్రాలు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటాయి. ఆ తేడాను కాగితం చెప్పలేదు. నేనూ మా తమ్ముడూ ఆదివారం పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చుని చట్రమంతా బిగించాక, అడుగు పలకకు రంగు పట్టీ అంటించిన అంచు వెనక్కి పోయి, పొట్టు కనబడే పచ్చి అంచు ముందుకు వచ్చింది. పక్క పలకలు తారుమారయ్యాయని అప్పుడు గాని తెలియలేదు. విప్పి మళ్ళీ బిగిస్తే సరిపోతుందని అనుకున్నాం. కానీ బోల్టు వెనక్కి తిప్పుతుంటే దాని మరలకు చుట్టుకొని చెక్కపొట్టు రాలింది. వేలితో తడిమితే రంధ్రం అంచు పిండిలా ఊడి వచ్చింది. అలా ఏడు రంధ్రాలు వదులైపోయాయి.

మరునాడు వచ్చిన వడ్రంగి ఆ పలకను చేత్తో ఎత్తి చూసి, "అమ్మా, ఇది టేకు కాదు, పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. ఇందులో ఒకసారి పట్టిన మర విప్పితే రెండోసారి పట్టదు" అన్నాడు. ఈ ఒక్క మాట కాగితం మీద మొదటి వరుసలో రాసి ఉంటే మేము అంత తొందరపడేవాళ్ళం కాదు. టేకు పనిలో తప్పు జరిగితే దిద్దుకోవడానికి వీలుంటుంది. ఇలా పొట్టును అదిమి చేసిన పార్టికల్ బోర్డులో మొదటిసారే సరిగ్గా బిగించాలి కాబట్టి, సూచనలు కూడా ఆ సరుకులో భాగమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అవి లేకుండా పంపడమంటే ఒక పలక తగ్గించి పంపడం లాంటిదే.

కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఒక వీడియో పంపారు. అది రెండు తలుపుల బీరువాది. అందులో మధ్య పలకే లేదు. ఆ తర్వాత మా తమ్ముడు పారేయబోయిన అట్టపెట్టెను వెనక్కి తెచ్చి, దాని మీది లేబుల్‌లో ఉన్న మోడల్ నంబరును యథాతథంగా, గీతలతో సహా, నెట్‌లో వెతికాడు. అదే బీరువా మరో పేరుతో, మరో అమ్మకందారు దగ్గర ఉంది. ఆ పేజీలో పద్నాలుగు పుటల పీడీఎఫ్ ఉంది! ప్రతి పలకకు కొలత, ప్రతి రంధ్రానికి స్థానం, ప్రతి దశకు కావలసిన స్క్రూ బొమ్మ, దాని సంఖ్య, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మంచి సూచనలు తయారై ఉండి కూడా నాలుగు రూపాయల ప్రింటు ఖర్చుకు వెనకాడి మాకు ఇవ్వలేదన్న సంగతి పలకలు పాడైనదానికంటే ఎక్కువగా బాధించింది.

అందుకే, కొనే ముందే ఆ వస్తువు పేజీలో బిగింపు పుస్తకం ఉందో లేదో చూడండి. లేకపోతే అమ్మకందారును అడిగి తెప్పించుకొని, అది చదివి అర్థమైన తర్వాతే డబ్బు కట్టండి. మంచి పుస్తకానికి భాష కూడా అక్కర్లేదు. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో దేశంలోనే తన మొదటి దుకాణం తెరిచిన ఫర్నిచర్ కంపెనీ ఐకియా పుస్తకాలు దాదాపు అన్నీ బొమ్మలతోనే ఉంటాయి. అయినా ఏ దశలో ఏ స్క్రూ ఎన్ని కావాలో చూపిస్తాయి, తప్పుగా పెట్టే తీరును గీసి దాని మీద అడ్డంగా కొట్టివేస్తాయి. వస్తువు నంబరు కొడితే వాటిని ఉచితంగా దించుకోవచ్చు. వేరే కంపెనీ సామానే కొన్నా, ఆ పుస్తకం ఒకటి ముందుగా తిరగేస్తే ఈ బిగింపుల పద్ధతి కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

ఆ పీడీఎఫ్ వల్ల నేను ఆలస్యంగా నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. రెండు పలకలను కలిపే బోల్టును పట్టి ఉంచే, కార్పెంటర్లు మినీఫిక్స్ అని పిలిచే గుండ్రటి బిళ్ళ మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బోల్టు లోపలికి వచ్చే అంచు వైపుకు ఆ బాణం ఉండేలా బిళ్ళను పెట్టి, బోల్టు తల అందులో కూర్చున్నాక, చేతి స్క్రూడ్రైవర్‌తో సుమారు అర చుట్టు తిప్పితే చాలు. డ్రిల్లుతో తిప్పితే బిళ్ళ పగులుతుంది, లేదా పలక చిట్లుతుంది. వెనక షీటుకు మేకులు కొట్టే ముందు చట్రాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవాలి. రెండు కొలతలూ సమానంగా రాకపోతే చట్రం ఒరిగినట్టే, తలుపులు ఎంత సర్దినా కలవవు. బీరువాను పక్కకు ఊగనీయకుండా పట్టి ఉంచేది ఆ పలుచని షీటే కాబట్టి దానిని వదిలేయకూడదు. మన ఇళ్ళలో సజ్జలు ఉంటాయి గనుక ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. మా బీరువా ఎత్తు 78 అంగుళాలు, లోతు 20 అంగుళాలు. పడుకోబెట్టి బిగించి లేపేటప్పుడు దానికి 80 అంగుళాలకు పైగా ఖాళీ కావాలి. సజ్జ కింద అంత ఎత్తు లేకపోతే గది మధ్యలో, ఫ్యానుకు దూరంగా నిలబెట్టి, ఇద్దరు కలిసి లోపలికి జరపాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది చివరి పుట. బీరువాను గోడకు బిగించే ఎల్ ఆకారపు ఇనుప క్లాంపులు రెండు అందులో ఉన్నాయి. మా పెట్టెలో అవి లేవు, కాగితంలో వాటి ప్రస్తావనే లేదు. మా ఇంట్లో రెండేళ్ళ పాప తిరుగుతుంటుంది. అమెరికాలో సొరుగుల బల్లలు మీద పడి చిన్నపిల్లలు చనిపోయిన తర్వాత 2016లో సుమారు 2 కోట్ల 90 లక్షల బల్లలను వెనక్కి పిలిచారు. 2022 డిసెంబరులో దీని కోసమే అక్కడ చట్టం కూడా వచ్చింది. ఈ క్లాంపులు హార్డ్‌వేర్ దుకాణంలో తక్కువ ధరకే దొరుకుతాయి. దయచేసి పిల్లలున్న ఇంట్లో ఎత్తయిన ఏ సామానునైనా గోడకు బిగించకుండా ఉంచకండి.

బిగించిన తర్వాత వాపసు తీసుకోలేమని కంపెనీ చెప్పినప్పుడు నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. సరైన వాడకానికి తగిన సూచనలు ఇవ్వకపోవడం వల్ల హాని జరిగితే ఉత్పత్తిదారు బాధ్యుడని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. మా కాగితం ఫోటో, ఆ పీడీఎఫ్ పక్కపక్కన పెట్టి పంపాక, ఇరవై మూడో రోజున రెండు పక్క పలకలు, ఒక అడుగు పలక కొత్తవి వచ్చాయి. వడ్రంగికి ఇచ్చిన 1,800 రూపాయలు మాత్రం ఇవ్వలేదు.

ఆరు బొమ్మల జిరాక్స్ కాగితంతో ఇలాంటి పెట్టె ఇప్పటికే ఇంటికి వచ్చినవారు స్క్రూల సంచి విప్పకండి. పెట్టె తెరవడం దగ్గర నుంచి వీడియో తీయండి, పలకలన్నీ లెక్కపెట్టి పెన్సిలుతో పేర్లు రాసుకోండి, అట్టపెట్టె మీది లేబుల్‌ను కత్తిరించి బిల్లుతో పాటు దాచండి. మా పుస్తకం దొరికింది ఆ లేబుల్ మీది నంబరు వల్లనే.