లాసిక్, పీఆర్‌కే, స్మైల్: ఎవరి కంటికి ఏది, ఎవరికి ఏదీ వద్దు

లాసిక్, పీఆర్‌కే, స్మైల్ అనే మూడు పద్ధతుల్లో జరిగే, సైటు తీసేసే లేజర్ ఆపరేషన్ గురించి ఆరా తీసేవాళ్లు ముందుగా అడిగేది మిషన్ గురించే. ఏ కంపెనీది, ఎంత కొత్తది, బ్లేడు వాడతారా లేదా అని. నిజానికి ఇవాళ వాడుకలో ఉన్న మంచి మిషన్ల మధ్య తేడా కొంచెమే, ఒకరి కంటికీ మరొకరి కంటికీ ఉన్న తేడా చాలా ఎక్కువ. లేజర్ తన పని నిమిషంలోపే ముగిస్తుంది. ఆ కన్ను దానికి పనికొస్తుందా లేదా అని తేల్చే పరీక్షలకు గంటల సమయం పడుతుంది. అందుకే ఈ సేవలో మార్కులు వేయాల్సింది ఆపరేషన్ థియేటర్‌కి కాదు, పరీక్షల గదికి.

ముందు లెక్క చూద్దాం. కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర కార్నియా. మధ్యలో దాని మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ ఈ పొరను కాల్చదు, అణువుల మధ్య బంధాలు తెంచి కొద్దికొద్దిగా చెక్కేస్తుంది. మైనస్ పవర్‌కి మధ్యభాగాన్ని చదును చేస్తుంది. ప్లస్ పవర్‌కి చుట్టూ చెక్కి మధ్యను ఎత్తుగా మిగులుస్తుంది. చెక్కింది మళ్లీ పెరగదు. కాబట్టి పవర్ ఎంత పోతుందన్నది ఒక ప్రశ్నయితే, కార్నియా ఎంత మిగులుతుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

చెక్కే వలయం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి, పవర్‌తో గుణించి, 3తో భాగిస్తే ఎన్ని మైక్రాన్లు పోతాయో సుమారుగా వస్తుంది. 6.5 మి.మీ. వలయంలో మైనస్ 6 తీయాలంటే దాదాపు 85 మైక్రాన్లు. కార్నియా 520 ఉండి, లాసిక్‌లో కోసి లేపే పైపొర, అంటే ఫ్లాప్, మందం 110 అయితే, కింద మిగిలేది 325. చాలామంది సర్జన్లు 300కి తగ్గకుండా చూసుకుంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడని గీత 250. ఇదే కార్నియాలో మైనస్ 9 తీయాలంటే 127 మైక్రాన్లు పోయి 283 మిగులుతుంది. 250కి తగ్గలేదు కదా, ఫర్వాలేదు అనే సెంటర్లు ఉంటాయి. కానీ రెండో లెక్క కూడా ఉంది. ఫ్లాప్, చెక్కిన భాగం కలిపితే 237, అంటే మొత్తం మందంలో 45 శాతం పైనే కదిలించినట్టు. 40 శాతం దాటితే తర్వాతి రోజుల్లో కార్నియా ఉబ్బే ముప్పు పెరుగుతుంది. ఇక్కడ కొందరు వలయాన్ని 6 మి.మీ.కి కుదించి 108 మైక్రాన్లతో సరిపెడతారు. అప్పుడు కూడా దాదాపు 42 శాతం వస్తుంది. పైగా రాత్రిపూట చెక్కిన వలయం కంటే కంటిపాప పెద్దదిగా విచ్చుకునేవాళ్లకు ప్రతి దీపం చుట్టూ వలయాలు కనబడతాయి. మిషన్లు నిజంగా చెక్కేది ఈ సూత్రం చెప్పినదానికంటే కొంచెం ఎక్కువే ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. మీ కంటికి ఈ మూడు అంకెలు, అంటే చెక్కే మందం, మిగిలే మందం, కదిలించిన శాతం, కాగితం మీద రాసివ్వమని అడగండి. అడగగానే చెప్పలేని చోట ఆపరేషన్ చేయించుకోకపోవడమే మంచిది.

మందం సరిపోయినంత మాత్రాన అయిపోదు. 560 మైక్రాన్ల కార్నియా కూడా ఆకారం వంకరగా ఉంటే పనికిరాదు. కెరటోకోనస్ అనే జబ్బులో కార్నియా మెల్లగా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. తొలిదశలో చూపులో ఏ తేడా తెలియదు. అలాంటి కంటిపై లేజర్ పెడితే ఆ జబ్బును మనమే తొందరపెట్టినట్టు. దీన్ని పట్టుకునేది కార్నియా పటం. ముందు ఉపరితలమే కాక వెనుక ఉపరితలం కూడా చూపే టోమోగ్రఫీ ఉండాలి, ఎందుకంటే తొలి మార్పు చాలాసార్లు వెనుకవైపే కనబడుతుంది. సిలిండర్ పవర్ ఏటా పెరుగుతున్నా, ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉన్నా, కళ్లు గట్టిగా నులుముకునే అలవాటున్నా అడగకముందే డాక్టరుకు చెప్పాలి.

పరీక్షలకు వెళ్లేముందు కాంటాక్ట్ లెన్సులు తీసేయడం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. లెన్సు కార్నియాను నొక్కి ఆకారం మారుస్తుంది. తీసిన మర్నాడే కొలిస్తే వచ్చేది లెన్సు నొక్కిన ఆకారం, కంటి అసలు ఆకారం కాదు. మెత్తటి లెన్సులైతే 1 నుంచి 2 వారాలు, గట్టి లెన్సులైతే కనీసం 3, 4 వారాలు ఆపాలి. ఏళ్ల తరబడి గట్టి లెన్సులు వాడినవాళ్లకు రెండుసార్లు కొలిచి, రెండూ ఒక్కటైతేనే ముందుకెళ్లాలి. పవర్ కూడా చుక్కలు వేసి కంటి కండరాలను సడలించి మరోసారి చూడాలి. యువకుల్లో కండరం బిగుసుకుని ఉంటే మైనస్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది, దాని ప్రకారం చెక్కితే ఆపరేషన్ తర్వాత ప్లస్ పవర్ మిగులుతుంది.

కన్నీటి పరీక్ష ఈ జాబితాలో అందరూ దాటేసేది. కంట్లో పెట్టిన కాగితపు పట్టీ 5 నిమిషాల్లో 5 మి.మీ. కూడా తడవకపోయినా, రెప్ప వేయకుండా ఉంచితే కన్నీటిపొర 10 సెకన్లలోపే చీలిపోతున్నా ముందు పొడికళ్లకు వైద్యం జరగాలి. ఇందులో ఒక చిక్కుంది. కళ్లు పొడిబారి లెన్సులు పెట్టుకోలేకపోతున్నామని లేజర్‌కి వచ్చేవాళ్లు చాలామంది. ఫ్లాప్ కోసేటప్పుడు కార్నియా నరాలు తెగుతాయి, దాంతో కన్నీరు రప్పించే సంకేతం బలహీనపడుతుంది. అంటే ఏ బాధ తప్పించుకోవాలని వచ్చారో అదే కొన్ని నెలలు ఎక్కువవుతుంది.

ఇక పద్ధతులు. లాసిక్‌లో ఫెమ్టోసెకండ్ లేజర్‌తో గానీ బ్లేడుతో గానీ 100 నుంచి 120 మైక్రాన్ల మందంలో ఫ్లాప్ కోసి, పుస్తకం అట్ట తెరిచినట్టు పక్కకు తీసి, కింద చెక్కి, మళ్లీ కప్పేస్తారు. మొద్దుబార్చేది చుక్కల మందుతోనే. కంటిని పట్టి ఉంచే రింగు బిగించినప్పుడు కొన్ని సెకన్లపాటు చూపు మసకబారి చీకటవుతుంది, భయపడక్కర్లేదు. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, అదీ మామూలే. మర్నాటికే చూపు చాలావరకు తేటపడుతుంది. సౌకర్యానికి దీన్ని మించింది లేదు. లోపమల్లా ఫ్లాప్ ఎప్పటికీ మునుపటి బలంతో అతుక్కోకపోవడం. బాక్సింగ్, కుస్తీ లాంటి ఆటలు ఆడేవాళ్లకు ఇది సరిపడదు.

పీఆర్‌కే వీటిలో పాతది, దీన్ని తక్కువ చేసి చూడటం తప్పు. ఫ్లాప్ ఉండదు. పైనున్న దాదాపు 50 మైక్రాన్ల పలుచని పొరను తుడిచేసి నేరుగా చెక్కుతారు. ఆ పొర కొన్ని రోజుల్లో తనంతట తానే పెరుగుతుంది. పైన చెప్పిన 520 కార్నియా, మైనస్ 6 లెక్కలో లాసిక్‌కి 325 మిగిలితే దీనికి 385 మిగులుతుంది. మూల్యం నొప్పి రూపంలో చెల్లించాలి. మొదటి రెండు మూడు రోజులు మంట, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటాయి. పైపొర మానేదాకా కట్టులా కాపాడే లెన్సు కంట్లోనే ఉంటుంది. పని చేసుకునే చూపు రావడానికి వారం, పూర్తిగా తేటపడటానికి 3 నుంచి 6 నెలలు. పవర్ ఎక్కువైతే కార్నియాలో మసక పొర కట్టొచ్చు, దాన్ని ఆపడానికి 0.02 శాతం మైటోమైసిన్ అనే మందు కొన్ని సెకన్లు అద్ది కడిగేస్తారు. తర్వాత కొన్ని నెలలు ఎండలో నల్లద్దాలు తప్పనిసరి. వారాల తరబడి వేసే స్టెరాయిడ్ చుక్కలు కొందరికి కంటి ఒత్తిడి పెంచుతాయి, దాన్ని మధ్యలో కొలిపించకుండా సీసా మీద సీసా వాడటం ప్రమాదం.

స్మైల్‌లో కార్నియా లోపలే చిన్న బిళ్లను లేజర్‌తో గీసి, 2 నుంచి 4 మి.మీ. కోత గుండా లాగేస్తారు. లాసిక్ ఫ్లాప్ కోత దాదాపు 20 మి.మీ. ఉంటుంది, కాబట్టి స్మైల్‌లో నరాలు తక్కువ తెగుతాయి, పొడిబారడం తక్కువ. ప్రకటనల్లో చెప్పనిది ఏమిటంటే, బిళ్ల చిరగకుండా రావడానికి అదనపు మందం కలపాలి. అందువల్ల అదే పవర్‌కి లాసిక్ కంటే 10 నుంచి 15 మైక్రాన్లు ఎక్కువ పోతాయి. మైనస్ 1, 2 లాంటి చిన్న పవర్లకు బిళ్ల మరీ పలచనై తీయడం కష్టం. గీస్తుండగా రోగి కదిలి రింగు పట్టు ఊడితే పని మధ్యలో ఆగుతుంది. సర్జన్ చేతి నైపుణ్యం మీద ఆధారపడటం మూడింటిలో దీనికే ఎక్కువ. తర్వాత పవర్ మిగిలితే సరిదిద్దడానికి సాధారణంగా పీఆర్‌కే చేయాల్సి వస్తుంది.

ఎవరికి లాభం అంటే, పవర్ ఏడాదిలో 0.5కి మించి మారనివాళ్లు, మైనస్ 1 నుంచి 6 మధ్య ఉన్నవాళ్లు, పటం శుభ్రంగా, కన్నీరు సరిగా ఉన్నవాళ్లు. 18 నిండితే చాలని నియమం ఉన్నా 21, 22 దాకా ఆగడం మేలు, ఆ వయసులో పవర్ ఇంకా కదులుతూనే ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అదుపులో లేని కీళ్లవాతం లాంటి జబ్బులున్నవాళ్లు, కంట్లో హెర్పిస్ వచ్చినవాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవాళ్లు ఆగాలి లేదా మానాలి. ప్లస్ పవర్‌కి ఫలితం అంత నిలకడగా ఉండదు, కొంత వెనక్కి వస్తుంది. మైనస్ 9, 10 దాటినవాళ్లకు కార్నియా జోలికి పోకుండా కంటి లోపల అమర్చే ఐసీఎల్ లెన్సు గురించి అడగడమే సబబు.

40కి దగ్గరైనవాళ్లు చత్వారం సంగతి ముందే తెలుసుకోవాలి. మైనస్ 2 ఉన్నవాళ్లు 45లో అద్దాలు తీసేసి హాయిగా చదువుకోగలరు. లేజర్‌తో ఆ మైనస్ పోతే దూరం స్పష్టమవుతుంది, చదవడానికి అద్దాలు కొత్తగా వస్తాయి. ఒక కంటిని దూరానికి, ఇంకోదాన్ని దగ్గరకు పెట్టే పద్ధతి ఉంది. దానికి ఒప్పుకునేముందు అదే అమరికతో కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని కొన్ని రోజులు మెట్లు దిగి, రాత్రి బండి నడిపి చూడాలి.

లాసిక్ తర్వాత ఏమవుతుందన్నదానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జరిపించిన ప్రౌల్ అధ్యయనాలు మంచి ఆధారం. అంతకుముందు ఏ ఇబ్బందీ లేనివాళ్లలో 46 శాతం వరకు మూడు నెలలప్పుడు వలయాలు, మెరుపులు, రెండుగా కనబడటం లాంటి ఏదో ఒకటి చెప్పారు. అదే అధ్యయనాల్లో 95 శాతానికి పైగా తృప్తిగా ఉన్నామన్నారు. పని ఆగిపోయేంత ఇబ్బంది పడ్డవాళ్లు 1 శాతం కంటే తక్కువ. ఈ మూడూ ఒకేసారి నిజమే. పట్టికలో 6/6 చదవగలగడం వేరు, వర్షంలో ఎదురుగా వచ్చే హెడ్‌లైట్లను తట్టుకోవడం వేరు.

మర్నాటి పరీక్షకు చూపు బాగానే ఉందని ఎగ్గొట్టకూడదు. ఫ్లాప్ ముడత పడితే తొలిరోజుల్లో ఎత్తి సర్దడం సులువు, వారాలైతే కష్టం. ఫ్లాప్ కింద క్రిమి లేకుండానే వచ్చే వాపు మొదటి వారంలోనే మొదలవుతుంది, స్టెరాయిడ్ చుక్కలు వెంటనే పెంచితే లొంగుతుంది. బాగున్న కన్ను మళ్లీ ఎర్రబడి, నొప్పి పెరిగి, చూపు తగ్గితే ఫోన్‌లో సలహా అడగడం కాదు, అదే రోజు వెళ్లాలి. నెలపాటు కళ్లు నులుముకోవద్దు, ఈతకు వెళ్లొద్దు. ఆపరేషన్ రోజు సెంటు పూసుకోవద్దు, ఆ ఆవిరి లేజర్‌ను దెబ్బతీస్తుంది.

సెంటర్‌ను తూచేటప్పుడు, పరీక్ష జరిగిన రోజే ఆపరేషన్ అన్నా, ఈ వారం కడితే తగ్గింపు అన్నా జాగ్రత్తపడండి. సర్జన్‌ను మొదటిసారి చూసేది థియేటర్‌లోనే అయితే అది చాలు వెనక్కి రావడానికి. మిగిలిన పవర్‌ను సరిదిద్దడం ఎన్నేళ్లలోపు, ఏ షరతుల మీద చేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఆపరేషన్‌కు ముందున్న పవర్, కార్నియా వంపు కొలతలు, మందం, చెక్కిన లోతు ఉన్న రిపోర్టు కాపీ మీ దగ్గర ఉండాలి. ఎప్పుడో శుక్లం ఆపరేషన్ చేయించుకునేనాడు లెన్సు పవర్ లెక్క తప్పకుండా ఉండటానికి అవి పనికొస్తాయి. పలచబడిన కార్నియా మీద కంటి ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి నీటికాసులు పరీక్షించే ఏ డాక్టరుకైనా లేజర్ అయిందని చెప్పాలి. మైనస్ ఎక్కువగా ఉన్న కన్ను అద్దాలు పోయినా సాగిన కన్నే. రెటీనా ముప్పు అలాగే ఉంటుంది, ఉన్నట్టుండి నల్లచుక్కలు, మెరుపులు, ఓ మూల నుంచి తెర కమ్మినట్టు కనబడితే ఆ రోజే చూపించుకోవాలి.