పాత .32 పిస్టల్: ఇనుముకు వంక లేదు, గొడవంతా మ్యాగజైన్‌తోనే

ఈ పిస్టల్ బ్యారెల్‌ను ఎంత మెచ్చుకున్నా తక్కువే, తూటాలు నింపే మ్యాగజైన్‌ను ఎంత తిట్టినా తక్కువే. 1980ల్లో దిగుమతులు ఆగిపోకముందు మన దేశానికి వచ్చిన విదేశీ సరుకు. చేతులు మారుతూ చివరికి సీమకు చేరింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇబ్బంది కంపెనీది కాదు, ఇది వాడే .32 ఏ.సి.పి. (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) తూటా ఆకారానిది. బరువు, పొడవు, ఎన్ని రౌండ్లు (తూటాలు) పడతాయి అన్నవి లైసెన్స్ ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

విదేశాల్లో పిస్టల్ మన్నికను వేల రౌండ్లు కాల్చి లెక్కగడతారు. ఆ లెక్క అనంతపురం, కడప వైపు పనికిరాదు. ఇక్కడ లైసెన్స్ పిస్టల్ ఏడాదిలో పేల్చేది గుప్పెడు రౌండ్లు, అవీ కాల్పుల సాధనకు రేంజ్ దొరికితేనే. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి పరీక్షిద్దాం అనుకునేవాళ్లకు 2019 ఆయుధాల చట్ట సవరణ రెండేళ్ల దాకా జైలు రాసిపెట్టింది. కాబట్టి మన దగ్గర పిస్టల్ కాల్చి కాల్చి అరిగిపోయేది కాదు, బీరువాలోనూ జీపులోనూ ఊరికే ఉండి చెడేది. బ్యారెల్ గాడులు ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి. చెడిందల్లా ఊరికే ఉన్నప్పుడు చెడే భాగాలు.

అందులో మొదటిది మ్యాగజైన్. 1899లో బ్రౌనింగ్ పిస్టల్‌తో వచ్చిన ఈ తూటాకు అడుగున చిన్న అంచు ఉంటుంది. ఒంటి మందం 8.55 మిల్లీమీటర్లు, అంచు దగ్గర 9.1. అంటే చుట్టూ పావు మిల్లీమీటరు పైచిలుకు బయటికి పొడుచుకొస్తుంది. మ్యాగజైన్ వాలుగా ఉంటుంది కనుక పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు కూర్చోవాలి. కింది తూటా ముందుకు జారి దాని అంచు పైదాని అంచును దాటిందో, రెండూ ఒకదానికొకటి కొక్కెం వేసుకుంటాయి. పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్, పైనున్న తూటాను నెట్టినప్పుడు కింది తూటా కూడా వెంట లాగబడుతుంది. స్లైడ్ సగంలో ఆగిపోతుంది.

దీనికి మామూలు వైద్యం పనిచేయదు. స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే చాలా అడ్డంకులు పోతాయి గానీ, ఇది ఎన్నిసార్లు లాగినా మళ్లీ అక్కడికే వస్తుంది. పిస్టల్ మూతిని సురక్షితమైన దిక్కుకు పెట్టి, వేలు ట్రిగ్గర్ మీద లేకుండా, స్లైడ్‌ను వెనక్కి పట్టి, మ్యాగజైన్‌ను చేత్తో పెరికి తీయాలి. దానంతట అది కిందికి జారదు. తీసిన వెంటనే ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. తర్వాత అగ్గిపుల్ల మందం చెక్క పుల్లతో మ్యాగజైన్ పక్క కంతలోంచి కింది తూటాను కిందికి అదిమితే పైది ముందుకు వదులుతుంది. స్క్రూడ్రైవర్ వాడొద్దు, తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ పక్కన ఇనుప మొనతో పొడవడం తెలివైన పని కాదు.

కింది తూటా అసలు ముందుకు ఎందుకు జారుతుంది? మ్యాగజైన్ లోపలి పొడవు గుండ్రటి మూతి ఉన్న పూర్తి తూటాకు సరిపోయేలా చేసింది, దాదాపు 25 మిల్లీమీటర్లకు. మూతి బోలుగా, పొట్టిగా ఉండే రకం వేస్తే ముందు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే శత్రువు. గుండ్రటి మూతి రౌండ్లు వేసినా, స్ప్రింగ్ సడలి ఉంటే జీపు గుంతల రోడ్డు మీద ఎగిరిపడుతుంటే నడుమున వేలాడే పిస్టల్‌లో తూటాలు ముందుకు జరుగుతాయి. రేంజ్‌లో అప్పటికప్పుడు నింపి కాల్చితే ఒక్కసారి కూడా ఇరుక్కోదు. నింపి నెలలు తిప్పిన మ్యాగజైన్‌లోనే ఇరుక్కుంటుంది. అవసరం పడేదీ అలాంటి మ్యాగజైనే కదా.

నింపేటప్పుడు ప్రతి తూటానూ వెనక గోడకు ఆనేలా నెట్టాలి. అన్నీ నింపాక మ్యాగజైన్ వీపును అరచేతికి రెండుసార్లు తట్టాలి. ముందు వైపు తట్టకూడదు. ఒక రౌండు తక్కువ నింపితే స్ప్రింగ్‌కు సుఖం. కానీ సడలిన స్ప్రింగ్‌కు ఒక రౌండు తగ్గించడం మందు కాదు, మార్చాల్సిందే. పరీక్షకు ఖాళీ మ్యాగజైన్‌లో తూటాలను పైకి నెట్టే పలకను పుల్లతో అడుగుదాకా నొక్కి వదలండి. టక్కున పైకి రావాలి. మధ్యలో తడబడితే లోపల దుమ్మో, గోడకు సొట్టో. తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ మిషన్ల చుట్టూ తిరిగేవాళ్లకు దుమ్ము ఖాయం. బండపొడి నూనెలో కలిస్తే సానబెట్టే ముద్దవుతుంది. అందుకే మ్యాగజైన్ లోపల నూనె వేయొద్దు, పొడిబట్టతో తుడిచి వదిలేయాలి. నూనె స్లైడ్ గాడులకు రెండు మూడు చుక్కలు చాలు. కొబ్బరినూనె అసలు వద్దు, చలికి గడ్డకట్టి, ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ దారిని పట్టేస్తుంది, దెబ్బ మెత్తబడి రౌండు పేలదు. పేలని రౌండును వెంటనే తీయకండి, మూతిని సురక్షితమైన దిక్కుకే ఉంచి అరనిమిషం ఆగాలి.

పాత దిగుమతి కాబట్టి అసలు మ్యాగజైన్ రెండోది దొరకడం కష్టం. లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరైనా తూటాను పట్టి ఉంచే మ్యాగజైన్ పైఅంచులను, అంటే పెదవులను, పటకారుతో వంచనిచ్చే ముందు వెర్నియర్‌తో ముందు వెడల్పు, వెనక వెడల్పు కొలిచి రాసిపెట్టుకోండి. ఒకసారి వంగాక అసలు కొలత ఎవరికీ తెలియదు. వంచడం ఎక్కువైతే తూటా మూతి పైకి లేచి ఛాంబర్ నెత్తికి తగులుతుంది. నా మ్యాగజైన్‌కు సరిగ్గా అదే జరిగింది, ఒక రోగం పోయి ఇంకోటి పట్టుకుంది.

రెండోది తుప్పు. కొన్న కొత్తలో ఈ నల్లటి పూత ఎండకూ చెమటకూ తట్టుకుంటుందని నలుగురికీ చెప్పాను. పైన చూస్తే ఆ మాట ఇప్పటికీ తప్పు కాదు. గ్రిప్ పలకలు విప్పితే మాత్రం చెమట ఉప్పు దిగిన చోటల్లా ఎర్రటి చుక్కలు. ఎన్నికలప్పుడు లైసెన్స్ ఆయుధాన్ని పోలీసులకు అప్పగించే డిపాజిట్ దీన్ని పెంచింది. 2024లో ఎన్నికల కోడ్ మార్చి 16న వచ్చింది, పోలింగ్ మే 13, లెక్కింపు జూన్ 4. వేసవి నడిమధ్యంతా ఆయుధం మన చేతిలో ఉండదు. తోలు హోల్‌స్టర్‌తో సహా అప్పగించడం చెడ్డ పద్ధతి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఖాళీ చేసి, గ్రిప్ పలకల కింద కూడా పలుచగా నూనె తుడిచి, మ్యాగజైన్ విడిగా, బట్ట సంచిలో సిలికా జెల్ పొట్లంతో ఇవ్వాలి. రసీదులో సీరియల్ నంబర్ సరిచూసుకోవాలి. తిరిగొచ్చాక బ్యారెల్ తుడిచి, లోపల అడ్డం లేదని చూశాకే రౌండు ముట్టుకోవాలి.

స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగ్ గురించి ఒక్క మాట. ఇది బ్లోబ్యాక్ పిస్టల్, స్లైడ్ బరువూ స్ప్రింగే దెబ్బను ఆపుతాయి. పేలిన తూటాల ఖాళీ తొడుగులు మునుపటికంటే దూరం పడుతున్నాయంటే స్ప్రింగ్ అలిసిందని అర్థం.

కొనొచ్చా అంటే, నెలకోసారి విప్పి తుడిచే ఓపిక, అప్పుడప్పుడు రేంజ్‌కు వెళ్లే వీలు ఉన్నవాళ్లకు బాగానే పనికొస్తుంది. నాకా వీలు ఉంది కాబట్టి ఉంచుకున్నాను. తోట దగ్గర గదిలో పెట్టి ఏడాదికోసారి చూసేవాళ్లకు .32 రివాల్వరే నయం, దానికి మ్యాగజైన్ లేదు. రెండూ .32 అన్నంత మాత్రాన తూటాలు మార్చి వాడొద్దు. రివాల్వర్ వాడే .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ తూటాకు ఒత్తిడి హద్దు 15,000 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), ఏ.సి.పి.కి 20,500. పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్లలో దూరుతుంది, దూరిందని పేల్చకూడదు.