జేబు చాకుకు ఏ ఉక్కు మేలు?

కొత్త చాకు కొందామనుకుంటున్నాను, ఏ ఉక్కు మంచిదని అడిగినవారిని నేను ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: ఇప్పుడున్న చాకుకు చివరిసారి సాన పట్టింది ఎప్పుడు? చాలామంది నవ్వి ఊరుకుంటారు. వాళ్లకు ఏ ఉక్కు కావాలో ఆ నవ్వే సగం చెప్పేస్తుంది. మిగతా సగం వాళ్ల అరచేతుల చెమట చెబుతుంది.

ఉక్కుల పేర్లు వింటే ఎవరికైనా తల తిరుగుతుంది. 1095, డీ2, 14సీ28ఎన్, ఎస్35వీఎన్, ఎం390... పేరు ఎంత పొడవైతే సరుకు అంత గొప్పదనే భ్రమ కూడా ఉంది. ఈ పేర్లన్నిటి వెనక జరిగే బేరం ఒకటే. పదును ఎన్నాళ్లు నిలవాలి, దెబ్బ తగిలితే అంచు ఎంత ఓర్చుకోవాలి, తుప్పుకు ఎంత ఎదురు నిలవాలి? మూడింటిలో ఒకటి పెంచుకుంటే మిగతావాటిలో కొంత వదులుకోవాలి. నాలుగోది ఇంకొకటుంది, సాన పట్టడంలో సులువు. ప్రకటనల్లో దాని ఊసే ఉండదు. జేబులో పెట్టుకుని రోజూ వాడే చాకు విషయంలో నేను దానికే మొదటి పీట వేస్తాను.

పాతకాలపు కార్బన్ ఉక్కుతో మొదలుపెడదాం. 1095 అనే పేరులో 10 అంటే మామూలు కార్బన్ ఉక్కు, 95 అంటే సుమారు 0.95 శాతం కార్బన్. కొంచెం మాంగనీసు తప్ప చెప్పుకోదగ్గ లోహం ఇంకేమీ లేదు. క్రోమియం లేదు కాబట్టి తుప్పు పడుతుంది. అయితే రాయి మీద నాలుగు సార్లు లాగితే చాలు, పోయిన పదును తిరిగి వచ్చేస్తుంది.

కార్బన్‌కూ స్టెయిన్‌లెస్‌కూ తేడా చూడాలంటే ఫ్రాన్సులో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్ చాకులకు మించిన ఆధారం లేదు. అదే చెక్క పిడి, అదే ఆకారం. అలుగు మాత్రం కార్బన్ ఉక్కులోనూ దొరుకుతుంది, స్వీడన్ వారి 12సీ27 స్టెయిన్‌లెస్‌లోనూ దొరుకుతుంది. రెండూ నా దగ్గర ఉన్నాయి. కోతలో తేడా కనిపెట్టమని ఎవరైనా కళ్లకు గంతలు కట్టి ఇస్తే నేను ఓడిపోతాను. తేడా అంతా కోసిన తర్వాతే. పుల్లటి పండు కోసి పావుగంట మరిచిపోతే కార్బన్ అలుగు మీద నీలం, బూడిద రంగు మచ్చలు తేలతాయి. అది ఎర్ర తుప్పు కాదు, దాన్ని కొంత ఆలస్యం చేసే పలుచని పొర. కొందరు దాన్ని ఇష్టపడి మరీ తెప్పించుకుంటారు. అంతవరకు ముచ్చటే. మడత చాకుతో చిక్కు మరోచోట ఉంది. అలుగును తుడవగలం, మడత కీలు లోపల చేరిన తేమను తుడవలేం. తుప్పు అక్కడ మొదలై, మడత బిగుసుకుపోయేదాకా మనకు తెలియదు. అందుకే కార్బన్ ఉక్కును ఒరలో పెట్టుకునే చాకుకు సంతోషంగా సిఫారసు చేస్తాను, మడత చాకుకు చేయను.

స్టెయిన్‌లెస్ కత్తికి పదును నిలవదని పెద్దలు అనేవారు. ఆ మాటకు ఒకప్పుడు కారణం ఉంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ తుప్పు పట్టని ఉక్కును పోతపోశాడు. అందులో క్రోమియం 12.8 శాతం, కార్బన్ 0.24 శాతమే. అంత తక్కువ కార్బన్‌తో మంచి కత్తికి కావలసిన గట్టితనం రాదు. ఆ తరువాతి వందేళ్లలో ఉక్కులు చాలా మారాయి. పాత మాట మాత్రం అలాగే నిలిచిపోయింది.

తుప్పు పట్టకుండా ఉండాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలని ఒక లెక్క. దాని మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడి, గీత పడినా మళ్లీ తానే పూడుకుంటుంది. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. కార్బన్ కొంత క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్‌లు అనే అతి గట్టి రేణువులుగా మారుస్తుంది. కాంక్రీటులో కంకరలాగా అవి ఉక్కు నిండా పరుచుకుని అరుగుదలను ఆపుతాయి. కానీ వాటిలో చిక్కుకున్న క్రోమియం తుప్పు మీద పోరాటానికి రాదు. ఉక్కులో కరిగి, విడిగా ఉన్న క్రోమియమే లెక్కకు వస్తుంది.

డీ2 దగ్గర చాలామంది మోసపోయేది ఇందుకే. కాగితం మీద చూస్తే 12 శాతం క్రోమియం, స్టెయిన్‌లెస్ అనిపిస్తుంది. కార్బన్ కూడా 1.5 శాతం ఉంది మరి. క్రోమియంలో పెద్ద భాగం కార్బైడ్‌ల పాలవుతుంది. నేను ఒక డీ2 మడత చాకును ఎండాకాలమంతా జేబులో మోశాను. రెండు వారాలు తిరగకముందే పిడికి ఆనుకుని ఉన్న చోట గోధుమ రంగు చుక్కలు లేచాయి. అమ్మిన కంపెనీ పెట్టె మీద తుప్పు ప్రస్తావనే లేదు, పదును గురించి మాత్రం పెద్ద అక్షరాలతో రాసుకుంది. పదును మాట అబద్ధమని నేను అనను. అట్టపెట్టెలు కోసి కోసి చేయి నొప్పి పుట్టినా ఆ అంచు ఇంకా కొరుకుతూనే ఉంటుంది. అసలు ఆ ఉక్కు పుట్టిందే లోహపు రేకులను కత్తిరించే అచ్చుల కోసం. ఆ పనికి బండ కంకర మేలే. పలుచని చాకు అంచుకు అది చేటు. పెద్ద కంకర వేసి పలుచని పలక పోస్తే అంచులు ఎలా రాలతాయో, డీ2 అంచు కూడా గట్టి దెబ్బకు అలాగే సన్న పెచ్చులుగా ఊడుతుంది. డీ2లోనే పొడి పద్ధతిలో (దాని సంగతి కింద చెబుతాను) చేసిన రకాలు వేరు, అవి ఇంత మొరటుగా ఉండవు.

ఇక అసలు పోటీ, నా దృష్టిలో, 14సీ28ఎన్‌కూ ఎస్35వీఎన్‌కూ మధ్య.

మొదటిది స్వీడన్ ఉక్కు. సుమారు 0.62 శాతం కార్బన్, 14 శాతం క్రోమియం, 0.11 శాతం నైట్రోజన్. గడ్డం గీసుకునే బ్లేళ్ల ఉక్కును ఆధారంగా తీసుకుని, కొంత కార్బన్ పని నైట్రోజన్‌కు అప్పగించి దీన్ని తయారుచేశారు. నైట్రోజన్ గట్టితనాన్ని ఇస్తూనే క్రోమియాన్ని ఎక్కువగా కబ్జా చేయదు. కార్బైడ్‌లు తక్కువ, ఉన్నవీ చాలా సన్నం. అందుకని అంచును ఎంత పలుచగా చెక్కినా నిలుస్తుంది. రెండోది అమెరికాలో క్రూసిబుల్ కంపెనీ, చాకుల తయారీదారు క్రిస్ రీవ్ కలిసి 2009లో తెచ్చిన ఉక్కు. అంతకుముందు 2001లో వచ్చిన ఎస్30వీకి తమ్ముడు. కరిగిన ఉక్కును వాయువుతో చిమ్మి పొడిగా మార్చి, ఆ పొడిని వేడితో, ఒత్తిడితో తిరిగి ముద్ద చేస్తారు. కంకర పెద్ద గడ్డలుగా ఎదగకుండా సన్నగా, సమానంగా పరుచుకుంటుంది. అందులో 3 శాతం వెనేడియం, అర శాతం నయోబియం అనే లోహాలు ఉన్నాయి, క్రోమియంలాగే ఇవీ కార్బన్‌తో కలిసి కార్బైడ్‌లవుతాయి.

అరుగుదలలో ఎస్35వీఎన్ గెలుస్తుంది, అందులో వాదన లేదు. అట్టలు, తాళ్లు వరుసగా కోస్తూ పోతే 14సీ28ఎన్ ముందు అలసిపోతుంది. 1.9 శాతం కార్బన్, 20 శాతం క్రోమియం, 4 శాతం వెనేడియం ఉన్న ఎం390 ఇంకా దూరం పోతుంది. పదును నిలుపుదల పట్టికలన్నీ చూపేది ఇదే. వాటికి ఆధారమైన పరీక్షల్లో పేరున్నది షెఫీల్డ్‌లోని కాట్రా అనే పరిశోధన సంస్థ యంత్రం చేసేది: సిలికా కలిపిన అట్టల దొంతర మీద కత్తిని ముందుకూ వెనక్కూ నడిపి ఎంత లోతు కోసిందో కొలుస్తుంది. మంచి పరీక్షే. కానీ నా చాకు అంచు అట్టల మీద అరిగి చచ్చింది తక్కువ. పెట్టెకు కొట్టిన పిన్ను తగిలి, పింగాణీ పళ్లెం మీద జారి, జేబులో నాణేనికి ఒరుసుకుని చచ్చిందే ఎక్కువ. అలాంటి దెబ్బల్లో కార్బైడ్‌లు కాపాడవు. దెబ్బకు ఓర్చుకునే గుణం కాపాడుతుంది. అది 14సీ28ఎన్‌కు ఎక్కువ.

తరువాతి ఘట్టం సానరాయి దగ్గర. మామూలు సానరాళ్లలో చాలావాటిలో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు. వెనేడియం కార్బైడ్ వాటికంటే కఠినం. అంటే రాయి చుట్టూ ఉన్న ఉక్కును అరగదీస్తుంది గాని, లోపలి కంకరను సరిగా కోయలేదు. నునుపు వస్తుంది, కరుకు పదును రావడానికి మాత్రం సతాయిస్తుంది. వజ్రపు పొడి అతికించిన పలకలు ఉంటే ఈ బాధ తగ్గుతుంది. 14సీ28ఎన్‌కు ఆ ఆర్భాటమేమీ అక్కర్లేదు. టీ కాచుకునేలోగా పని అయిపోతుంది, పింగాణీ కప్పు అడుగున ఉండే గరుకు వలయం మీద రుద్దినా ఎంతో కొంత పదును తిరిగి వస్తుంది. పదును ఎక్కువ కాలం నిలిచే ఉక్కు, మొద్దుబారాక మొద్దుగానూ అంతే కాలం ఉండిపోతుంది. ఎం390 చాకు కొని ఏడాదిగా దానితో పండు తొక్క కూడా ఒలవలేకపోతున్నవారిని నేను చూశాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆ మొద్దు చాకును యంత్రపు సానచక్రం దగ్గరికి తీసుకెళ్లడం ఇంకో ప్రమాదం. పలుచని అంచు క్షణాల్లో వేడెక్కి, కొలిమిలో పెట్టించిన గట్టితనం అక్కడికక్కడే దిగిపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

గట్టితనం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఉక్కు పేరు ఒక్కటే ఏమీ తేల్చదు. ఎంత వేడి చేశారు, ఎంత వేగంగా చల్లార్చారు, మళ్లీ ఎంత వేడిమి దగ్గర ఒత్తిడి దించారు అన్నదాన్ని బట్టి ఒకే ఉక్కు రెండు రకాల చాకులవుతుంది. గట్టితనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 58 దగ్గర వదిలేసిన ఎం390, 61 దాకా తెచ్చిన ఎం390 ఒకటి కావు. మరోవైపు, అర శాతం లోపు కార్బన్ ఉన్న 420హెచ్‌సీ అనే సాదాసీదా ఉక్కుతో బక్ కంపెనీ దశాబ్దాలుగా నమ్మకమైన చాకులు చేస్తోంది. స్విస్ సైనిక చాకుల అలుగు 56 దగ్గరే ఉంటుంది, ఎవరికీ ఫిర్యాదు లేదు. అంచు వాలు సంగతి అంతకంటే ముఖ్యం. వాలును కాస్త తగ్గించి అంచు వెనక మందాన్ని పలుచన చేస్తే మధ్యరకం ఉక్కు కూడా మందపాటి మేటి ఉక్కును కోతలో దాటేస్తుంది.

డబ్బు అడ్డు కాకపోతే ఏది తీసుకోవాలి? దానికి నా దగ్గర తడుముకోని జవాబు ఉంది: మాగ్నాకట్. ల్యారిన్ థామస్ అనే లోహ శాస్త్రవేత్త రూపొందించగా 2021లో వచ్చింది. డీ2 గురించి చెప్పిన మెలికను తిరగేసి చూస్తే ఇది అర్థమవుతుంది. ఇందులో క్రోమియం 10.7 శాతమే, డీ2 కంటే తక్కువ. కానీ కార్బన్‌ను తగ్గించి, దాన్ని పట్టుకోవడానికి వెనేడియం, నయోబియం చాలినంత వేయడంతో క్రోమియం కార్బైడ్‌లు మిగలవు. క్రోమియమంతా తుప్పు మీద కాపలాకే ఉంటుంది. 12 శాతం ఉన్న డీ2 చుక్కలు పడే చోట 10.7 శాతం ఉన్న మాగ్నాకట్ తళతళలాడుతుంది. దెబ్బకు ఓర్చుకోవడంలో ఎస్35వీఎన్ కంటే మెరుగు. వజ్రపు పలక మాత్రం దీనికీ ఉంటే మేలు, వెనేడియం ఎక్కడికీ పోలేదు కదా.

ఉప్పునీటిలో పనిచేసేవారికి వీటిలో ఏదీ చెప్పను. కార్బన్‌ను 0.3 శాతానికి దించి నైట్రోజన్‌ను 0.4 శాతానికి పెంచిన ఎల్‌సీ200ఎన్ ఉంది, వాళ్లది అదే.

నా జేబులో ఉన్నది 14సీ28ఎన్. నేను ఆదివారం రాయి బయటికి తీసే మనిషిని, ఆ పది నిమిషాలు నాకు విసుగు కాదు. రాయి అంటేనే గిట్టనివారు, ఏడాదికి రెండుసార్లు మంచి సాన పట్టేవారికి చాకు అప్పగించేవారు ఎస్35వీఎన్ తీసుకుంటే నేనేమీ అనను. కార్బన్ ఒపినెల్ మేజా సొరుగులో నూనె గుడ్డ చుట్టుకుని పడుకుంది. డీ2 చాకును పార్సెళ్లు విప్పే బల్లకు దారం కట్టి వేలాడదీశాను. అక్కడ దానికి అట్టలు తప్ప పని లేదు, నా చెమట తగిలే అవకాశమూ లేదు. ఏడాదైంది, కొత్త చుక్క ఒక్కటీ లేవలేదు.